ఠక్‌మన్నది ఎప్పుడు? ఇంజిన్ మౌంటింగ్ అరుగుదలను ఇంటి దగ్గరే పసిగట్టడం

శ్రీకాకుళం పాత వీధుల్లో చాలా ఇళ్ల ముందు మురుగుకాలువ, దాని మీద సిమెంటు ర్యాంపు ఉంటాయి. వీధి ఇరుకు కాబట్టి ర్యాంపు పొట్టిది, వాలు ఎక్కువ. రాత్రి కారును రివర్స్‌లో ఆ ర్యాంపు ఎక్కిస్తుంటే బానెట్ కింద ఒక్కసారి ‘ఠక్’ మంటుంది. లోపల పెట్టి తాళం తిప్పగానే ఇంజిన్ ఒళ్లు విదిలించుకున్నట్టు అదిరి, ఇంకో ‘ఠక్’ మని ఆగుతుంది. మర్నాడు ఎచ్చెర్ల మీదుగా హైవే పట్టుకుని విశాఖ వెళ్తే 100 కిలోమీటర్ల పైచిలుకు దారిలో చప్పుడన్నది ఉండదు. ‘బండి బాగానే ఉంది, ర్యాంపు దగ్గరే ఏదో తగులుతోంది’ అని సర్దిచెప్పుకోవడం తేలిక. కానీ ర్యాంపు మీది ఠక్కు, ఆపినప్పటి ఠక్కు, హైవే మీది నిశ్శబ్దం మూడూ ఒకే వస్తువును వేలెత్తి చూపుతున్నాయి. అది ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ, అదే ఇంజిన్ మౌంటింగ్.

మౌంటింగ్ పాడైందని తేల్చేటప్పుడు ‘బండి ఎంత అదురుతోంది’ అన్నది రెండో ప్రశ్న. ‘ఎప్పుడు అదురుతోంది’ అన్నదే మొదటిది. షెడ్డుకు వెళ్లి ‘వైబ్రేషన్ వస్తోంది’ అని మాత్రమే చెబితే మెకానిక్‌కి పాతిక అనుమానాలు వస్తాయి. ఏ గేరులో, ఆగి ఉన్నప్పుడా, కదిలేటప్పుడా, ఏసీ వేస్తేనా అన్నది చెప్పగలిగితే పాతిక కాస్తా మూడో నాలుగో అవుతాయి. ఈ ప్రశ్నలకు జవాబులు ఇంటి ముందు, పానా పట్టకుండానే దొరుకుతాయి.

మౌంటింగ్ చూడ్డానికి పెద్ద వస్తువేమీ కాదు. రెండు ఇనుప ముక్కల మధ్య అతికించిన రబ్బరు దిమ్మ. దాని మీద పడే పనులు మాత్రం మూడు. ఇంజిన్, గేర్‌బాక్సుల బరువు మోయాలి. ఇంజిన్ చక్రాలను తిప్పేటప్పుడు తాను ఎదురు తిరగబోతే పట్టి ఆపాలి. ఇంజిన్ అదురు బాడీకి ఎక్కకుండా మింగేయాలి. బరువు మోయడానికీ, పట్టి ఆపడానికీ రబ్బరు గట్టిగా ఉండాలి. అదురు మింగాలంటే మెత్తగా ఉండాలి. ఆ రెంటి మధ్య రాజీయే మౌంటింగ్ తయారీ అంతా. 1931లో క్రైస్లర్ కంపెనీ ప్లిమత్ కార్లలో ‘ఫ్లోటింగ్ పవర్’ పేరుతో ఇంజిన్‌ను రబ్బరు మీద, అది సహజంగా ఊగే ఇరుసుకు సరిపోయేలా కూర్చోబెట్టి, నాలుగు సిలిండర్ల బండిని అప్పట్లో ఎవరూ ఊహించనంత మెత్తగా నడిపించింది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ఆ హక్కులు కొనుక్కుంది. ఇవాళ్టి కారులో మూడో నాలుగో మౌంటింగులు చేసేదీ ఆ పనే.

ర్యాంపు, ఆపడం, హైవే: ఆ మూడు సంగతులకు లెక్క

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరిగితే రెండు పేలుళ్లు జరుగుతాయి. బండి ఊరికే నిలబడి ఆడుతున్నప్పుడు నిమిషానికి 750 చుట్లు అనుకుంటే, సెకనుకు 25 తోపులు. మూడు సిలిండర్ల ఇంజిన్ 800 చుట్ల దగ్గర ఆడుతుంటే సెకనుకు 20 తోపులు. పాత మారుతి 800లోని 796 సీసీ ఇంజిన్ మూడు సిలిండర్లదే. ఇప్పుడు చిన్న కార్లలో మళ్లీ మూడు సిలిండర్ల ఇంజిన్లు విరివిగా వస్తున్నాయి. వీటికి తోపులు తక్కువ కావడమే కాదు, ఒక కొస లేస్తే రెండో కొస దిగే ఊపు కూడా పుట్టుకతో వచ్చిందే. కాబట్టి కొత్త బండిలో కూడా స్టీరింగ్ మీద చిన్న వణుకు ఉంటుంది. నాలుగు సిలిండర్ల బండి నుంచి ఇందులోకి మారినవాళ్లు మొదటి నెలలోనే మౌంటింగ్ పోయిందని షెడ్డుకు పరుగెత్తనక్కర్లేదు.

రబ్బరు మీద కూర్చున్న ఇంజిన్‌కు తనదంటూ ఒక ఊపు ఉంటుంది. ఉయ్యాలను ఒక లయలో తోస్తేనే ఎత్తుకు వెళ్తుంది కదా, అలాంటిది. సాధారణంగా ఆ లయ సెకనుకు పది అటూ ఇటూ ఉండేలా మౌంటింగులు తయారుచేస్తారు. పేలుళ్ల లయ దానికన్నా బాగా ఎక్కువగా ఉన్నంతసేపూ అదురు రబ్బరులోనే ఆగిపోతుంది. తాళం ఆపినప్పుడు నాలుగు సిలిండర్ల ఇంజిన్ 750 నుంచి సున్నాకు దిగుతూ మధ్యలో 300 చుట్ల దగ్గరకు వస్తుంది. అక్కడ తోపులు సెకనుకు సరిగ్గా 10. ఉయ్యాల లయ, తోపు లయ కలిసిపోతాయి. మంచి మౌంటింగు ఆ క్షణాన్ని ఒక చిన్న కుదుపుతో సరిపెడుతుంది. చిరిగిన మౌంటింగులో ఇంజిన్ పోయి బ్రాకెట్‌కు కొట్టుకుంటుంది. ఆపినప్పటి ఠక్కు అదే. సెల్ఫు కొట్టినప్పుడు వచ్చేదీ అదే, కాకపోతే స్టార్టర్ మోత దాన్ని కప్పేస్తుంది. అందుకే ఆపేటప్పుడు వినాలి. కిటికీలు దించి, మ్యూజిక్ కట్టేసి, రెండు మూడుసార్లు ఆపి చూస్తే సరి.

హైవే మీద 2500 చుట్ల దగ్గర తోపులు సెకనుకు 83. పైగా లాగుడు ఒకే దిక్కుకు, ఒకే తీరున ఉంటుంది. చిరిగిన రబ్బరు కూడా ఒక పక్కకు నొక్కుకుని ఉండిపోతుంది, కొట్టుకోదు. హైవేలో బండి మెత్తగా పోవడం మౌంటింగ్ బాగున్నదనడానికి రుజువు కానే కాదు. యాక్సిలేటర్ మీద కాలు తీసి మళ్లీ వేసిన ప్రతిసారీ లాగుడు దిక్కు మారుతుంది. ఆ మార్పులోనే రోగం బయటపడుతుంది. నరసన్నపేట నుంచి టెక్కలి దాకా హైవేలో వెళ్లినప్పుడు దొరకని చప్పుడు, విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర సాయంత్రం రద్దీలో పది నిమిషాలు నడిపితే దొరుకుతుంది.

ఇక ర్యాంపు. ఇంజిన్ 110 న్యూటన్‌మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుందనుకుందాం. చిన్న కారుకు అది మామూలు సంఖ్యే. మొదటి గేరులో అది సుమారు 3.5 రెట్లు, ఫైనల్ డ్రైవ్‌లో (గేర్‌బాక్సు తర్వాత చక్రాలను తిప్పే చివరి పళ్లచక్రాల జతలో) ఇంకో 4 రెట్లు పెరిగితే చక్రాల ఇరుసు దగ్గర 1540 అవుతుంది. ముందు చక్రాలతో లాగే కార్లలో ఇంజిన్, గేర్‌బాక్సు, ఫైనల్ డ్రైవ్ అన్నీ ఒకే ముద్ద. కాబట్టి ఆ 1540కి ఎదురు తోపంతా మౌంటింగులే భరించాలి. మౌంటింగుల్లో ఒకటైన, కింద వెనకవైపు ఉండే చిన్న టార్క్ రాడ్డు 30 సెంటీమీటర్ల దూరం నుంచి దాన్నంతటినీ ఒక్కతే పట్టి ఆపాల్సి వస్తే, దాని మీద పడేది అర టన్ను పైమాటే. మిగతా మౌంటింగులు కొంత పంచుకుంటాయి గానీ, ఈ రాడ్డే ముందు అలిసిపోవడంలో ఆశ్చర్యం లేదు. రివర్స్ గేరు నిష్పత్తి కూడా మొదటి గేరుకు దగ్గరగానే ఉంటుంది. పైగా దిక్కు తిరగబడుతుంది. ముందు గేరులో ఇంజిన్ తల డ్యాష్‌బోర్డు వైపు వాలుతుంది, రివర్స్‌లో రేడియేటర్ వైపు వాలుతుంది. రోజంతా ఒక దిక్కుకు నొక్కుకుని ఉన్న ఇంజిన్‌ను పూర్తి బలంతో రెండో దిక్కుకు తిప్పేది ఆ ఇంటి ర్యాంపే. ఖర్చు లేని పరీక్ష యంత్రం అనవచ్చు.

బొలెరో లాంటి వెనక చక్రాల బళ్లలో కథ వేరు. ఇంజిన్ బండి పొడవునా కూర్చుంటుంది. ఫైనల్ డ్రైవ్ వెనక ఇరుసులో ఉంటుంది కాబట్టి ఆ నాలుగు రెట్ల పెరుగుదల మౌంటింగుల దాకా రాదు. అక్కడ ఇంజిన్ పక్కకు వాలుతుంది. ముందు గేరులో ఎడమవైపు లేస్తుంది, కుడివైపు నొక్కుకుంటుంది. అందువల్ల ముందుగా చూడవలసింది ఎడమ మౌంటింగును, తర్వాత గేర్‌బాక్సు కింద ఉండే వెనక మౌంటింగును.

చిరిగినదొకటి, గట్టిపడినదొకటి

మౌంటింగులు రెండు తీర్లుగా పాడవుతాయి. ఆ రెంటి లక్షణాలు ఒకదానికొకటి దాదాపు వ్యతిరేకం. ఇంటి పరీక్షల్లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

మొదటిది చిరగడం. రబ్బరు తెగుతుంది, లేదా ఇనుము నుంచి ఊడుతుంది. ఇంజిన్ అదుపు తప్పి ఊగుతుంది, కొట్టుకుంటుంది. ఠక్కులు, క్లచ్ వదిలినప్పుడు ఎగిరిపాటు, గేర్‌లివర్ ముందుకూ వెనక్కూ ఆడటం దీని గుర్తులు. రెండోది గట్టిపడటం, లేదా కుంగిపోవడం. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు బిగుసుకుపోతుంది, లేదా బరువుకు కూలబడి ఇనుము ఇనుమును తాకుతుంది. ఇందులో ఇంజిన్ ఊగదు, పైగా అస్సలు కదలదు. ఠక్కూ ఉండదు. కానీ ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్, సీటు, వెనక అద్దం అన్నీ సన్నగా గుయ్‌మని వణుకుతాయి. చాలామంది బానెట్ ఎత్తి, యాక్సిలేటర్ ఒకసారి తొక్కి, ‘ఇంజిన్ కదలట్లేదు, మౌంటింగులు భేష్’ అని మూసేస్తారు. గట్టిపడిన మౌంటింగ్ ఆ పరీక్షలో ఎప్పుడూ పాసవుతుంది.

మధ్యలో ఇంకో రకం ఉంది. కొన్ని కార్లలో, ముఖ్యంగా డీజిల్ కార్లలో, కుడివైపు మౌంటింగ్ లోపల ద్రవం నింపి ఉంటుంది. ఆ ద్రవం కారిపోయినా పైన రబ్బరు చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. మౌంటింగ్ కింద, బ్రాకెట్ మీద జిడ్డు మరక ఉంటే అనుమానించాలి. ఇలాంటి బండి గతుకులో పడినప్పుడు ఇంజిన్ రెండు మూడుసార్లు అదనంగా ఊగి ఆగుతుంది. షాకబ్జార్బర్లు పోయాయేమో అనిపిస్తుంది.

ఏసీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నిలబడి ఉన్న బండిలో ఏసీ వేస్తే కంప్రెసర్ లాగుడు ఇంజిన్ మీద పడుతుంది. ప్రతి తోపూ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ఆటోమేటిక్ బళ్లలో బ్రేకు తొక్కి ‘డి’లో ఉంచినా అంతే. మాఘమాసంలో కనబడని వణుకు మే నెల ఎండల్లో బయటపడేది ఇందుకే. బండి వేసవిలో పాడవలేదు, అప్పటికే పాడై ఉంది.

బానెట్ ఎత్తేముందు, ఎత్తాక

బానెట్ ఎత్తి చేసే పరీక్షకు చదునైన నేల కావాలి, ర్యాంపు పనికిరాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. కండువాలు, వేలాడే తాళ్లు, వదులు చొక్కాల చేతులు ఇంజిన్ దరిదాపుల్లోకి రాకూడదు. రేడియేటర్ ఫ్యాను ఎలక్ట్రిక్‌ది అయితే దానంతటదే ఎప్పుడైనా తిరగడం మొదలుపెడుతుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ ఆడించకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు.

ముందు టార్చిలైటు. ఇంజిన్ పైనున్న ప్లాస్టిక్ మూత తీసేయాలి. ఆ మూత వదులై కొట్టుకుంటేనే మౌంటింగ్ చప్పుడు అనుకునేవాళ్లున్నారు. మన దగ్గర తిరిగే ముందు చక్రాల కార్లలో చాలావాటికి కుడివైపున, ఫెండర్ పక్కన, టైమింగ్ బెల్టో చెయినో ఉండే వైపు మౌంటింగ్ పైనుంచే కనిపిస్తుంది. ఎడమది గేర్‌బాక్సు మీద, తరచుగా బ్యాటరీ ట్రే కింద దాక్కుని ఉంటుంది. మూడోది టార్క్ రాడ్డు. రెండు కొసల్లో రబ్బరు బుష్షులున్న, ఎముక ఆకారపు ముక్క. అది ఇంజిన్ వెనక, అడుగున ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, చక్రం పక్క నుంచి టార్చి వేస్తే కొన్ని బళ్లలో దొరుకుతుంది.

రబ్బరు మీద మడమ పగుళ్లలా సన్నటి గీతలుంటే కంగారుపడక్కర్లేదు, అది వయసు. గోరు దిగేంత పగులు, రబ్బరుకూ ఇనుముకూ మధ్య సందు, చుట్టూ నల్లటి రబ్బరు పొడి, బ్రాకెట్ మీద కొట్టుకుని మెరుస్తున్న ఇనుము కనిపిస్తే లెక్కలోకి తీసుకోవాలి. మధ్యనున్న బోల్టు దిమ్మకు నడుమన ఉందా, కిందికి జారిపోయిందా కూడా చూడాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. టార్క్ రాడ్డు బుష్షులో, కొన్ని గుండ్రటి మౌంటింగుల్లో రబ్బరు మధ్య అర్ధచంద్రాకారపు ఖాళీలు తయారీలోనే వదులుతారు. అవి చిరుగులు కావు. అంచులు నున్నగా, రెండు వైపులా ఒకేలా ఉంటే అది అచ్చులోంచి వచ్చిన ఖాళీ. అంచులు గరుకుగా, పీచులా ఉంటే చిరుగు. ఈ తేడా తెలియక మంచి రాడ్డును పారేయించినవాళ్లు తక్కువమందేమీ కాదు.

ఆ తర్వాత ఇద్దరు మనుషులు చేసే పరీక్ష. చక్రాల ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ఇటుకలు వద్దు, నలిగిపోతాయి. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగాలి. బండికి ముందుగానీ వెనకగానీ ఎవరూ నిలబడకూడదు. చూసే మనిషి పక్కన, ఫెండర్ దగ్గర ఉండాలి. ఇది మర్యాదకు చెప్పే జాగ్రత్త కాదు, కాలు జారితే బండి ముందుకు దూకుతుంది. ఆటోమేటిక్ బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి ‘డి’లో వేసి, యాక్సిలేటర్ ఒక్క సెకను కొద్దిగా నొక్కి వదలాలి. తర్వాత ‘ఆర్’లో అలాగే. మాన్యువల్ అయితే బ్రేకు మీద కాలుంచి, మొదటి గేరులో క్లచ్ సగం దాకా వదిలి, ఇంజిన్ బరువెక్కగానే మళ్లీ తొక్కేయాలి. రివర్స్‌లోనూ అంతే. ఎక్కువసేపు పట్టుకుంటే క్లచ్ కాలుతుంది. మౌంటింగ్ చూడబోయి క్లచ్ ప్లేటు మార్చుకోవాల్సి వస్తుంది.

ఇంజిన్ కొంత వాలడం సహజం, రబ్బరు ఉన్నదే అందుకు. మెత్తగా వాలి మెత్తగా తిరిగొస్తే మంచిది. ఒక్కసారిగా లేచి, ఏదో తగిలి ఆగినట్టు నిలిచిపోతే, లేదా ఒక దిక్కులో మెత్తగా, రెండో దిక్కులో దబ్బుమని కదిలితే మంచిది కాదు. కంటికి ఇది అరక్షణంలో జరిగిపోతుంది. ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తే ఎక్కడ లేస్తోందో, ఏ బ్రాకెట్ దగ్గర సందు తెరుచుకుంటోందో తీరిగ్గా చూడవచ్చు. అదే వీడియో మెకానిక్‌కి చూపిస్తే సగం వాదన తప్పుతుంది.

ఈ పరీక్షలో ఇంజిన్ పైభాగం బాగా కదిలిందని పైన కనిపించే మౌంటింగునే దోషిని చేయకూడదు. విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మాను మొదట్లో కదిలేది కొంచెమే, కొసన కూర్చున్న పూజారి లేచేది ఆకాశానికి. అడుగున టార్క్ రాడ్డు బుష్షులో కొన్ని మిల్లీమీటర్ల వదులు ఉంటే పైన ఇంజిన్ తల దగ్గర అది ఇంకా పెద్ద ఊపుగా కనిపిస్తుంది. పైమౌంటింగ్ మార్చినా ఠక్కు పోలేదని వాపోయేది ఈ పొరపాటు వల్లే. ఇంజిన్ ఆపి, చల్లారాక, చెయ్యి అందితే టార్క్ రాడ్డును పట్టి అటూ ఇటూ ఊపాలి. లోపలి ఇనుప గొట్టం బుష్షులో టకటకా కొట్టుకుంటే ఇంక వెతకనక్కర్లేదు.

పొడవాటి టామీ రాడ్డు (ఇనుప కడ్డీ) ఉంటే బ్రాకెట్‌కూ బాడీకీ మధ్య పెట్టి మెల్లగా ఎత్తి చూడవచ్చు. రబ్బరు సాగితే సరే, ఇనుము నుంచి విడివడితే పోయినట్టే. అల్యూమినియం పోతల మీద, గొట్టాల మీద ఆనించి ఎత్తితే కొత్త ఖర్చు తెచ్చుకున్నట్టు. జాకీ పరీక్ష చివరిది, అవసరమైతేనే. ఆయిల్ చాంబర్ కింద వెడల్పాటి చెక్కదిమ్మ పెట్టి, ఇంజిన్ బరువు కాస్త తేలికయ్యేంతవరకే జాకీ లేపాలి. లేచీ లేవగానే రబ్బరు రెండు ముక్కలై సందు తెరుచుకుంటే సందేహమే లేదు. చెక్క లేకుండా జాకీ నేరుగా పెడితే చాంబర్ రేకు నొక్కుకుపోతుంది. జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి దూరడం ఏ పరీక్షకైనా తగని పని.

మౌంటింగ్ మీద పడే నిందలు

అదురంతా మౌంటింగుదే అనుకుంటే ఖర్చు వృథా. బండి 80, 90 కిలోమీటర్ల వేగంలోనే స్టీరింగ్ వణికి, తగ్గిస్తే ఆగిపోతే అది చక్రాల బ్యాలెన్సు. 1.8 మీటర్ల చుట్టుకొలత ఉన్న టైరు 80 వేగంలో సెకనుకు 12 సార్లకు పైగా తిరుగుతుంది. ఆ లయ వేరు, ఇంజిన్ లయ వేరు. తేల్చుకోవడం సులభం. ఆ వేగంలో ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో మీటరులో చూసి, ఇంటికొచ్చి బండి నిలబెట్టి న్యూట్రల్‌లో అన్ని చుట్లే తిప్పాలి. వణుకు రాకపోతే ఇంజిన్ వైపు చూడాల్సిన పనిలేదు. బ్రేకు వేస్తేనే వణికితే డిస్కులు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు కటకటమంటే డ్రైవ్ షాఫ్టు బయటి జాయింటు. ఊళ్ల మధ్య స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రమే కొట్టుకుంటే సస్పెన్షన్ బుష్షులో, లింకు రాడ్లో. క్లచ్ వదిలేటప్పుడు ఒక్క ఠక్కు కాకుండా గడగడా ఊపుతూ కదిలి, పూర్తిగా వదిలాక సర్దుకుంటే క్లచ్ ప్లేటును అనుమానించాలి, మౌంటింగును రెండో స్థానంలో ఉంచాలి. సైలెన్సర్ వేలాడే రబ్బరు తెగినా, వేడి తగలకుండా పెట్టిన రేకు వదులైనా నిలబడి ఆడుతున్నప్పుడు బండంతా మోగుతుంది. వాటి మరమ్మతు టీ ఖర్చుతో అయిపోవచ్చు కాబట్టి ముందు అవే చూడటం న్యాయం.

అన్నిటికన్నా పెద్ద మోసగాడు మిస్సింగ్. స్పార్క్ ప్లగ్గో, కాయిలో, డీజిల్‌లో ఇంజెక్టరో సరిగా పనిచేయక ఒక సిలిండర్ అప్పుడప్పుడూ పేలకపోతే ఇంజిన్ కుంటుతుంది. ఆ కుంటును మంచి మౌంటింగ్ కూడా దాచలేదు. తేడా లయలో ఉంటుంది. మౌంటింగ్ వణుకు ఒకే తీరుగా, గడియారంలా సాగుతుంది. మిస్సింగ్ వణుకు ఉండుండి తప్పిపోతుంది. సైలెన్సర్ చివర పల్చటి కాగితం పట్టుకుంటే అది సమంగా రెపరెపలాడాలి, మధ్యమధ్య లోపలికి పీల్చుకున్నట్టు తొట్రుపడితే మిస్సింగ్. చెక్ ఇంజిన్ దీపం వెలిగినా దాని మాటే ముందు వినాలి. మిస్సింగ్‌తో నెలల తరబడి నడిపిన బండిలో మౌంటింగులు కూడా నలిగిపోతాయి. కుంటును వదిలేసి రబ్బరు మారిస్తే కొత్త రబ్బరు కూడా అదే దారి పడుతుంది.

మౌంటింగును ఆయిల్ కూడా చంపుతుంది. వీటిలో ఎక్కువగా వాడేది సహజ రబ్బరు. సాగడంలో, అలసటను తట్టుకోవడంలో దానికి సాటి లేదు గానీ, ఇంజిన్ ఆయిల్, డీజిల్ తగిలితే ఉబ్బి, మెత్తబడి, ఇనుము నుంచి ఊడిపోతుంది. వాల్వ్ కవర్ ప్యాకింగ్ నుంచి కారే ఆయిల్ తరచుగా మౌంటింగ్ మీదికే దిగుతుంది. ఆ కారుడు ఆపకుండా మౌంటింగ్ మార్చడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు ఉప్పుగాలికి బండ్ల అడుగు తొందరగా తుప్పుపడుతుంది. తుప్పు రబ్బరును తినదు, రబ్బరు అతుక్కుని ఉన్న ఇనుమును తింటుంది. అంచు దగ్గర పొరలు లేచి అతుకు ఊడుతుంది. దానికి విరుగుడని చాలామంది సర్వీసింగ్‌లో బండి అడుగంతా కాలిన ఆయిల్ కొట్టిస్తారు, ఇంజిన్ తళతళలాడాలని డీజిల్ స్ప్రే చేయిస్తారు. రేకుకు అది మేలేమో గానీ మౌంటింగులకూ, సస్పెన్షన్ బుష్షులకూ విషం. ఆయిల్ కొట్టించక తప్పదనుకుంటే రబ్బరు భాగాలకు గుడ్డలు చుట్టించాలి.

పాడైందని తేలాక బండిని మూలన పెట్టేయాలా? టార్క్ రాడ్డు బుష్షు వదులైతే కొన్నాళ్లు ఊళ్లో జాగ్రత్తగా నడపడం సాధ్యమే. పైమౌంటింగ్ పూర్తిగా తెగితే మాత్రం ఇంజిన్ ఒరిగి డ్రైవ్ షాఫ్టు జాయింట్లను, రేడియేటర్ గొట్టాలను, సైలెన్సర్ ముందున్న మెలికల పైపును లాగుతుంది. ఇంజిన్ పొడవునా కూర్చున్న బళ్లలో ఫ్యాను పోయి రేడియేటర్‌కు తగలవచ్చు. అలాంటి బండితో సాలూరు దాటి పి.కోనవలస ఘాటీ ఎక్కడం అవివేకం. ఎక్కేటప్పుడు చిన్న గేరు పూర్తి లాగుడు, దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్‌తో తిరగబడ్డ లాగుడు, మలుపు మలుపుకూ దిక్కు మార్పు. ఇంటి ర్యాంపు రోజుకొకసారి చేసే పనిని ఘాటీ గంటలో వందసార్లు చేస్తుంది.

స్పేరు కొనేటప్పుడు పాత ముక్కను వెంట తీసుకెళ్లాలి, చాసిస్ నంబరు కూడా. ఒకే మోడల్‌లో పెట్రోలు బండి మౌంటింగూ డీజిల్ బండి మౌంటింగూ బయటికి ఒకేలా కనిపించినా రబ్బరు గట్టిదనం వేరుగా ఉండవచ్చు. మార్చిన మర్నాడే ‘అప్పటికన్నా ఎక్కువ వణుకుతోంది’ అనే ఫిర్యాదుకు ఒక కారణం ఇది. చవకగా దొరికే లోకల్ రబ్బరు అతిగట్టిదైతే ఇంకో కారణం. మూడోది బిగింపు. బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, ఇంజిన్ బరువు పూర్తిగా మౌంటింగుల మీద కూర్చున్నాక, ఒకసారి అటూ ఇటూ ఊపి సర్దుకోనిచ్చి, అప్పుడు బిగించాలి. ఇంజిన్ జాకీ మీద వేలాడుతుండగానే బిగిస్తే కొత్త రబ్బరు మొదటి రోజు నుంచే మెలితిరిగి ఉంటుంది. అలాంటప్పుడు కొత్త ముక్క కొనక్కర్లేదు, బోల్టులు వదులు చేసి మళ్లీ బిగిస్తే వణుకు తగ్గుతుంది.

ఒక్కటే మార్చినప్పుడు మిగతావాటి మీద కూడా కన్నుండాలి. పల్లకీ మోసే బోయీల్లో ఒకరు కుంటితే మిగతావాళ్ల భుజాలు కాయలు కాస్తాయి. తెగిన మౌంటింగ్‌తో ఏడాది తిరిగిన బండిలో పక్కవి అప్పటికే సగం నలిగి ఉంటాయి. అన్నీ ఒకేసారి మార్చేయమనే సలహా ప్రతిసారీ సరైంది కాదు. కొత్తది పడ్డాక వారం రోజులు నడిపి, మళ్లీ ఆ రాళ్లు పెట్టి, ఆ వీడియో తీసి, పాతదాని పక్కన పెట్టి చూసుకోవాలి. రాత్రి ర్యాంపు ఎక్కించేటప్పుడు కిటికీ దించే ఉంచాలి.